చేతికి అంటిన నూనె, చీటీలో లేని పని

పోయిన నెల ఈ శీర్షికలో మానని పుండ్ల గురించి నాలుగు మాటలు రాస్తే ఉత్తరాల మూట వచ్చిపడింది. చాలా ఉత్తరాల్లో వయసు ఉంది, షుగరు ఉందో లేదో ఉంది, వాడిన పూతమందుల పేర్లన్నీ ఉన్నాయి. చేసే పని మాత్రం లేదు. మానని పుండు చర్మ కేన్సరు కావచ్చు, అది చేసే పని వల్ల కూడా రావచ్చు. అందుకే పని గురించి రాసినవారి ఉత్తరాలనే ఈసారి ఏరుకున్నాను. ఉద్యోగమంతా ఒక కర్మాగారం వైద్య విభాగంలో గడిపి రిటైరైనదాన్ని, ఇది నా పక్షపాతం అనుకున్నా ఫరవాలేదు.

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మా నాన్నగారికి 54 ఏళ్ళు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్కు. పదహారో ఏట నుంచీ ఇదే పని. కుడి ముంజేతి మీద ఏడాదిగా పులిపిరి లాంటిది ఒకటి ఉంది. మొదట శనగగింజంత, ఇప్పుడు రేగుపండంత అయింది. పైన పెచ్చు కడుతుంది, చొక్కా తగిలి ఊడితే నెత్తురు వస్తుంది. మందుల షాపులో ఇచ్చిన పూత రాస్తున్నారు. ‘నూనె చేతులకు ఇవి మామూలే’ అంటారు. పని అయ్యాక డీజిల్‌తో చేతులు కడుక్కుంటారు. ముక్క తీసి పరీక్ష చేస్తే కత్తి తగిలి జబ్బు పాకుతుందని మా పెదనాన్న భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక కూతురు, విజయవాడ

జవాబు: ముందు మీ పెదనాన్నగారి సంగతి తేల్చుకుందాం తల్లీ. కత్తి తగిలితే పాకుతుందన్న మాట నేను పనిచేసిన చోట ప్రతి షిఫ్టులోనూ వినేదాన్ని. చర్మం మీది గడ్డలోంచి చిన్న ముక్క తీసినందువల్ల జబ్బు పాకదు. ఆ భయంతో రెండేళ్ళు ఆగినవారికి చివరికి కత్తి తగిలేసరికి చంకలో బిళ్ళలు కట్టి ఉంటాయి. అప్పటికే పాకిన జబ్బుకు నింద కత్తి మీద పడుతుంది. ఆ నమ్మకం పుట్టింది అలాగే.

ఉత్తరం చదివి అది కేన్సరేనని చెప్పడం నా వల్ల కాదు. కానీ ఏడాదిలో అంతగా పెరిగింది, పెచ్చు ఊడితే నెత్తురు వస్తోంది, పూతలకు లొంగడం లేదు. ఇలాంటిదాన్ని స్క్వామస్ సెల్ కార్సినోమా అనే చర్మ కేన్సరు కాదని పరీక్షలో తేలేదాకా అదే అనుకుని నడవాలి. ఈ వారంలోనే ప్రభుత్వ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి తీసుకెళ్ళండి. మత్తు ఇంజక్షను ఆ చోటనే ఇచ్చి, ముక్క తీసి, కుట్టు వేసి పంపిస్తారు. కేన్సరని తేలినా బెంబేలు పడకండి. ఈ దశలో చుట్టూ కొంత మంచి చర్మంతో కలిపి కోసి తీసేస్తే ఎక్కువమందికి అక్కడితో నయమైపోతుంది. చంకలో బిళ్ళ ఏదైనా తగులుతోందేమో చూడమని మాత్రం అడగండి. ఆ పూతమందు ఈరోజే ఆపేయండి. అందులో స్టెరాయిడ్ ఉంటే పైపెచ్చు తగ్గినట్టు కనిపించి మిమ్మల్ని ఇంకో మూడు నెలలు మోసం చేస్తుంది.

ఇంకొక పని మీరే చేయాలి. ఓపీ చీటీ మీద ‘లారీ మెకానిక్కు, 38 ఏళ్ళుగా వాడిన ఇంజను నూనెతో పని’ అని డాక్టరు చేత రాయించండి. అడగకపోతే రాయరు. మన చీటీల్లో పేరు, వయసు, ఆడా మగా, ఊరు ఉంటాయి. మనిషి రోజుకు పది గంటలు ఏ వస్తువులో చేతులు ముంచుతాడో రాయడానికి గడి ఉండదు. ఈ మాట కర్మాగారంలో ఉన్నంత కాలం ప్రతి సమావేశంలోనూ అన్నాను, ఇప్పుడు పత్రికలో అంటున్నాను.

‘నూనె చేతులకు మామూలే’ అన్నారు కదా, నూనెల్లో తేడా ఉంది. డబ్బా మూత తీసి పోసే కొత్త నూనె ఈ రోజుల్లో బాగా శుద్ధి చేసి వస్తుంది. దాన్ని చూసి నాకు పెద్ద భయం లేదు. ఇంజనులో వేల కిలోమీటర్లు తిరిగి నల్లబడి దిగిన నూనె సంగతి వేరు. ఇంధనం సగం సగం కాలినప్పుడు పుట్టే పీఏహెచ్‌లనే పదార్థాలు ఆ నూనెలోకి దిగి పోగుపడతాయి. నూనె మార్చడం ఎంత ఆలస్యం చేస్తే అంత ఎక్కువ. పెట్రోలు ఇంజన్ల నూనెలో ఇవి బాగా ఎక్కువ, డీజిల్ ఇంజన్లలో తక్కువ. తక్కువ అన్నానే గాని లేవనలేదు. ఎలుకల చర్మానికి పెట్రోలు ఇంజన్ల వాడిన నూనె పూసి చూసిన పరీక్షల్లో కేన్సర్లు లేచాయి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతీ కాదు. 1775లో లండన్ సర్జను పెర్సివల్ పాట్, పొగగొట్టాల్లో దూరి మసి దులిపే పిల్లలు పెద్దవాళ్ళయ్యాక వాళ్ళ వృషణాల సంచి మీద లేచే పుండు కేన్సరని, దానికి కారణం చర్మపు ముడతల్లో పేరుకునే మసేనని రాశాడు. ఒక పని వల్ల ఒక కేన్సరు వస్తుందని వైద్యంలో గుర్తించడం అదే మొదలు. ఆ తరువాత వందేళ్ళకు పైగా గడిచాక, 1892లో హెన్రీ బట్లిన్ అనే మరో సర్జను, ఇంగ్లండు వాళ్ళకు వచ్చినంతగా ఐరోపాలోని మిగతా దేశాల పొగగొట్టాల పనివాళ్ళకు ఈ జబ్బు ఎందుకు రావడం లేదని ఆరా తీశాడు. వాళ్ళు ఒళ్ళంతా కప్పే బిగుతు దుస్తులు వేసుకునేవారు, పని కాగానే స్నానం చేసేవారు. మందూ లేదు, యంత్రమూ లేదు. ఒంటికి అంటిన మసి ఆ రోజుకారోజు వదిలించుకోవడమే తేడా.

మన గ్యారేజీలకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఇంగ్లండులోని లాంకషైర్ నూలు మిల్లులది. అక్కడ నూలు వడికే మ్యూల్ యంత్రాల కదుళ్ళ నుంచి చిమ్మే నూనె, ముందుకు వంగి పనిచేసే కార్మికుల పంట్లాముల మీద పడేది. దశాబ్దాల తరువాత మళ్ళీ అదే చోట కేన్సర్లు. చివరికి ఆ యంత్రాలకు కేన్సరు తెచ్చే నూనెలు వాడకూడదని బ్రిటన్ 1953లో నిబంధన తెచ్చింది. అప్పటికి మ్యూల్ యంత్రాల కాలమే ముగింపుకు వచ్చింది. చట్టాల నడక అలాగే ఉంటుంది.

ఇక రోజువారీ జాగ్రత్తలు. డీజిల్, పెట్రోలు, కిరోసిన్, థిన్నర్లతో చేతులు కడగడం ఇవాళ్టితో మానిపించండి. అవి నూనె జిడ్డును వదిలించి, దానితోపాటు చర్మానికి సొంతంగా ఉన్న జిడ్డునూ తీసుకుపోతాయి. చర్మం పగులుతుంది, పగుళ్ళలోంచి మరునాటి నూనె ఇంకా లోపలికి దిగుతుంది. పెట్రోలులో బెంజీన్ కూడా ఉంటుంది, అది రక్త కేన్సర్లకు దారి. చేతులకు ముందు కొంచెం వంటనూనె గాని కొబ్బరినూనె గాని బాగా రుద్ది, శుభ్రమైన గుడ్డతో తుడిచి, ఆపైన సబ్బుతో కడుక్కుంటే నల్లమరక చాలావరకు వదులుతుంది. పూర్తిగా వదలకపోయినా ఫరవాలేదు, ఇసుకతోనూ ఇనుప పీచుతోనూ తోమవద్దు. నూనె దించేటప్పుడు పల్చని నైట్రైల్ తొడుగులు వేసుకోవాలి. చిరిగినా లోపల తడిసినా తీసి పారేయాలి. నూనె దిగిన తొడుగు వేసుకోవడం కన్నా వట్టి చేతులే నయం.

అన్నిటికన్నా ముఖ్యమైనది జేబులో గుడ్డ. మెకానిక్కులందరికీ ప్యాంటు జేబులో నూనె పీల్చిన బనియన్ వేస్టు ఒకటి ఉంటుంది. ఆ నూనె పొద్దున్నుంచి సాయంత్రం దాకా జేబు లోపలి నుంచి తొడకూ గజ్జకూ ఇంకుతూనే ఉంటుంది. మిల్లు కార్మికులకు కేన్సరు వచ్చింది ఆ పక్కనే, వృషణాల సంచి మీద. గుడ్డను నడుముకు కట్టిన సంచిలోనో పనిముట్ల పెట్టెలోనో పెట్టుకోమనండి. నూనె పడిన ప్యాంటు ఆ రోజే మార్చాలి, ఇంటి బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి. ఆ బట్టలు ఉతికే చేతులు మీ అమ్మగారివైతే ఆమెకూ తొడుగులు కావాలి.

ప్రశ్న: మేడమ్, విశాఖ దగ్గర బొగ్గు తారును మరిగించి పిచ్ (తారు మరిగాక మిగిలే నల్లని గట్టి పదార్థం) తీసే ఒక చిన్న కంపెనీలో కాంట్రాక్టు కార్మికుడిని. తొమ్మిదేళ్ళు అయింది. పిచ్ సంచులు ఎత్తిన రోజు ఎండలోకి వస్తే ముఖం, మెడ కారం పూసినట్టు మండుతాయి. రాత్రి షిఫ్టు చేసిన రోజు ఆ మంట ఉండదు. కనురెప్ప పక్కన, మణికట్టు మీద చిన్న పులిపిరులు లేచాయి. సూపర్‌వైజరు ‘అలర్జీ’ అంటున్నాడు. ఇది కేన్సరుకు దారితీస్తుందా? కంపెనీకి ఏమైనా బాధ్యత ఉంటుందా?
– పేరు వద్దు, విశాఖపట్నం

జవాబు: రాత్రి షిఫ్టులో మంట లేదన్న ఆ ఒక్క ముక్కతో సగం రోగనిర్ధారణ మీరే చేసేశారు బాబూ. ఇది అలర్జీ కాదు. బొగ్గు తారులోని కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా సూర్యకాంతి పడితే ఆ చర్మం కాలినంత పని అవుతుంది. వెలుగు లేనప్పుడు మంట ఉండదు. పిచ్ పనివాళ్ళందరికీ తెలిసిన బాధే ఇది. సూపర్‌వైజరుకు కూడా తెలిసే ఉంటుందని నా అనుమానం.

చర్మ కేన్సరు విషయంలో బొగ్గు తారు మీద ఉన్నంత బలమైన సాక్ష్యం మరే పారిశ్రామిక పదార్థం మీదా లేదనవచ్చు. 1915లో జపానులో యమగివా, ఇచికావా అనే ఇద్దరు పరిశోధకులు కుందేళ్ళ చెవులకు నెలల తరబడి బొగ్గు తారు పూసి కేన్సరు రప్పించారు. ఒక రసాయనంతో ప్రయోగశాలలో కేన్సరు పుట్టించడం అదే మొదటిసారి. ఆ తారులో దోషి ఎవరో పట్టుకోవడానికి లండన్‌లో కెన్నవే అనే పరిశోధకుడి బృందం రెండు టన్నుల పిచ్‌ను వడగట్టి వడగట్టి, 1933లో బెంజోపైరీన్ అనే పదార్థాన్ని విడదీసింది. పీఏహెచ్‌ల కుటుంబంలో పేరుమోసినది అదే. పొగాకు పొగలోనూ ఉంటుంది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట తాగే అమ్మల అంగిళ్ళకు వచ్చే కేన్సరును చూసిన వైద్యులకు వేడీ తారూ కలిస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కరలేదు.

ఇక మీ పులిపిరులు. పిచ్ పనివాళ్ళకు ముఖం, కనురెప్పలు, ముంజేతులు, గజ్జల్లో లేచే పులిపిరుల్లో చాలావరకు ఏమీ కావు. కొన్ని రాలిపోతాయి కూడా. కొన్ని మాత్రం ఏళ్ళ మీద కేన్సరుగా మారతాయి. ఏది మారుతుందో కంటితో చూసి చెప్పడం కష్టం కాబట్టి ప్రతిదాన్నీ చూపించుకోవాలి, పెరిగేదాన్ని తీయించి పరీక్షకు పంపాలి. కనురెప్ప పక్కది ముందు చూపించండి. అది ముదిరితే కోయడానికి అక్కడ చర్మం తక్కువ. పని మానేసిన చాలా ఏళ్ళకు కూడా ఇవి రావచ్చు కనుక కంపెనీ మారినంత మాత్రాన చూసుకోవడం ఆపకండి.

బాధ్యత ఉందా అన్నారు. ఉంది, అదీ పేరు పెట్టి ఉంది. తారు, పిచ్, బిట్యుమెన్, ఖనిజ నూనె, ఆంత్రసీన్ వల్ల వచ్చే చర్మ కేన్సరు మన పరిహార చట్టం మూడో షెడ్యూలులోనూ, 1948 నాటి ఈఎస్ఐ చట్టం షెడ్యూలులోనూ వృత్తి వ్యాధిగా నమోదై ఉండేది. ఫ్యాక్టరీల చట్టంలో చర్మ కేన్సరు ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధుల్లో ఒకటిగా ఉండేది. యాజమాన్యమే కాదు, వైద్యం చేసిన డాక్టరు కూడా ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రాయాలి. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టాల స్థానంలోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్లలోనూ ఈ జాబితాలు ఉన్నాయి. కాంట్రాక్టు మనిషివైనా అసలు యజమాని తప్పించుకోలేడు. కానీ ఇవన్నీ పనిచేయాలంటే చీటీలో ‘అలర్జీ’ కాకుండా ‘బొగ్గు తారు పిచ్ పని’ అని ఉండాలి. జీతం నుంచి ఈఎస్ఐ కోస్తున్నారా, మీ పేరు మీద నంబరు ఉందా ఈ నెల జీతం చీటీలో చూసుకోండి. కోస్తుంటే నేరుగా ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్ళండి.

ఆ లోపు పూర్తి చేతుల చొక్కా, మెడకు గుడ్డ, కళ్ళకు పక్కలు మూసిన అద్దాలు. పిచ్ ఎత్తే పని వెలుగు లేని వేళకు మార్చమని అడగండి. షిఫ్టు దిగగానే అక్కడే స్నానం చేసి బట్టలు మార్చుకోండి. కంపెనీలో స్నానాల గది లేదంటే ఇన్‌స్పెక్టరుకు రాసే ఉత్తరంలో అదే మొదటి వాక్యం చేయండి.

సోరియాసిస్‌కు తారు కలిసిన షాంపూ వాడేవాళ్ళు ఇది చదివి సీసా పారేయవద్దు. ఆ చికిత్స తీసుకున్న రోగుల్ని ఏళ్ళ తరబడి గమనించిన పెద్ద అధ్యయనంలో కేన్సరు పెరిగినట్టు తేలలేదు.

ప్రశ్న: అమ్మా, మేము పాలమూరు వాళ్ళం. ముప్పై మంది గుంపుగా రోడ్లకు తారు పోసే పనికి ఊరూరా తిరుగుతాం. తారు డ్రమ్ముల కింద పాత టైర్లు కాలుస్తాం. ఆ పొగకు కేన్సరు వస్తుందని ఒక చదువుకున్న అబ్బాయి చెప్పాడు. నిజమేనా? మాలో ఒకామెకు ఆరేళ్ళ క్రితం మరిగే తారు పడి కాలు కాలింది. ఆ మచ్చ ఇప్పటికీ పగిలి పుండవుతూ ఉంటుంది.
– గుంపు మేస్త్రీ, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ఇప్పుడు రోడ్లకు వాడేది పెట్రోలియం నుంచి వచ్చే బిట్యుమెన్. పై ఉత్తరంలోని బొగ్గు తారుతో పోలిస్తే పీఏహెచ్‌లు ఇందులో ఎంతో తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ 2013లో రోడ్డు పనిలోని బిట్యుమెన్ పొగను ‘కేన్సరు కలిగించే అవకాశం ఉంది’ అన్న మెట్టు మీద పెట్టింది. ఇళ్ళ పైకప్పులకు పూసే ఆక్సిడైజ్డ్ బిట్యుమెన్‌ను దానికన్నా ఒక మెట్టు పైన పెట్టింది. వాళ్ళ దిగులు ముఖ్యంగా ఊపిరితిత్తుల గురించి. కాబట్టి గాలి ఎటు నుంచి వస్తుందో అటు నిలబడండి, అవసరానికి మించి మరిగించకండి. వేడి పెరిగేకొద్దీ పొగ పెరుగుతుంది. ఆ టైర్లు మాత్రం మానేయండి. తారు పొగ కన్నా టైరు పొగ ఎక్కువ పాడు. కట్టెలకు డబ్బు ఇవ్వనని కాంట్రాక్టరు అంటే ముప్పై మందీ కలిసి అడగండి.

నన్ను భయపెట్టింది మీ ఉత్తరంలోని చివరి వాక్యం. కాలిన మచ్చ మళ్ళీ మళ్ళీ పగులుతుంటే, ఏళ్ళు గడిచాక ఆ మచ్చలోనే చర్మ కేన్సరు పుట్టవచ్చు. మార్జోలిన్ పుండు అంటారు దాన్ని. మామూలు చర్మ కేన్సరు కన్నా మొండిది. ఆమెను ఎక్కడ పని ఉంటే అక్కడి జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అంచులు లేచినా, వాసన వచ్చినా, నెత్తురు కారినా ముక్క పరీక్ష చేయమనండి. ఏమీ లేదని తేలితే, వేరేచోట చర్మం తీసి అక్కడ అతికిస్తే పగలడం ఆగుతుంది.

ఇక ముందు ఎవరి మీదైనా మరిగే తారు పడితే దాన్ని పీకవద్దు, చర్మం ఊడివస్తుంది. అంటుకున్న తారు మీదే చల్లని నీళ్ళు ఇరవై నిమిషాల పాటు పోయండి. కిరోసిన్ పోయవద్దు. చల్లబడిన తారును వెన్నతోనో వాజిలీన్‌తోనో మెత్తబరచి తీయడం ఆసుపత్రి వాళ్ళు చూసుకుంటారు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. గుంటూరు జిల్లాలో మిరప రైతును. పాతికేళ్ళుగా మందు కొడుతున్నాను. అరచేతుల్లో ఆనెకాయల్లా గట్టి బొడిపెలు వచ్చాయి. పురుగుమందుల వల్ల చర్మ కేన్సరు వస్తుందా?
– ఒక రైతు

జవాబు: మీరు ఇప్పుడు మిరపకు కొట్టే మందుల వల్ల చర్మ కేన్సరు వస్తుందనడానికి గట్టి రుజువు లేదు. అవి చర్మం గుండా ఒంట్లోకి దిగి నరాలను, ఊపిరిని దెబ్బతీయడం అంతకన్నా పెద్ద ప్రమాదం. అందుకోసమైనా నిండు చేతుల చొక్కా, తొడుగులు, వెంటనే స్నానం తప్పవు. గట్టి రుజువు ఉన్నది ఆర్సెనిక్ మీద. జర్మనీలో మోజెల్ నది లోయలో ద్రాక్ష రైతులు 1920ల నుంచి తోటలకు ఆర్సెనిక్ మందులు కొట్టారు. 1942లో వాటిని నిషేధించారు. రైతులు మందు కొట్టడమే కాక, పిండిన ద్రాక్ష పిప్పికి నీళ్ళు కలిపి చేసుకున్న పల్చని సారాయాన్ని ఇంట్లో రోజూ తాగేవారు. ఆ పిప్పిలో ఆర్సెనిక్ ఉండేది. నిషేధం వచ్చిన చాలా ఏళ్ళ తరువాత కూడా వాళ్ళకు చర్మం మీద, ఊపిరితిత్తుల్లో, కాలేయంలో కేన్సర్లు బయటపడుతూనే వచ్చాయి.

ఆర్సెనిక్ గుర్తు మీరు రాసిన అరచేతులే. బొడిపెలు పిడి పట్టుకునే చోట మాత్రమే ఉంటే అవి పార, స్ప్రేయరు పిడి తెచ్చిన ఆనెలే, నిశ్చింతగా ఉండండి. అరచేతులంతటా, అరికాళ్ళలోనూ మొక్కజొన్న గింజల్లా ఉండి, వీపు మీదో రొమ్ము మీదో నల్లని, తెల్లని చుక్కలు కలిసి వాన పడిన మట్టిలా ఉంటే అనుమానించాలి. ఆర్సెనిక్ తెచ్చే కేన్సరు ఎండ తగలని చోట, బట్టల చాటున, ఎర్రని పొలుసు మచ్చగా కూడా మొదలవుతుంది. దాన్ని గజ్జి అనుకుని ఏళ్ళు గడిపేవారున్నారు. అలాంటివి ఉంటే రెండిటిని విచారించండి: ఒకటి మీ బోరు నీళ్ళు. లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించి ఆర్సెనిక్ ఉండకూడదని మన తాగునీటి ప్రమాణం. రెండోది మీరు తీసుకున్న నాటుమందులు. ఉబ్బసానికనో తీటకనో హరిదళం, మణిశిల, పాషాణం కలిపిన పొడులు ఇస్తారు. అవన్నీ ఆర్సెనిక్ సంయోగాలే. డాక్టరుకు పంట మందుల పేర్లు చెప్పినట్టే వాటి సంగతీ చెప్పండి.

ప్రశ్న: హైదరాబాద్ బాలానగర్‌లో క్రోమ్ ప్లేటింగ్ పని. వేళ్ళ మీద గుండ్రని గుంటలు పడ్డాయి, నొప్పి లేదు, మానవు. కేన్సరా?
– ఒక కార్మికుడు

జవాబు: కాదు. క్రోమిక్ ఆమ్లం తిన్న గుంటలివి. చర్మ కేన్సరుగా మారవు. ఆ ఆవిరి పీల్చడం వల్ల ఊపిరితిత్తుల కేన్సరు మాత్రం వస్తుంది, ఆ దిగులు పెట్టుకోండి. తొట్టి మీద ఆవిరిని లాగే ఫ్యాను లేని చోట పనిచేయవద్దు. ముక్కు లోపలి గోడ ఒకసారి చూపించుకోండి, దానికీ ఇలాగే నొప్పి లేకుండా చిల్లు పడుతుంది. బీడీ, సిగరెట్టు ఉంటే ఈరోజే ఆపండి.

ప్రశ్న: మేడమ్, మాది జగిత్యాల. మా ఆయన పన్నెండేళ్ళుగా కువైట్‌లో షట్టరింగ్ (కాంక్రీటు పోయడానికి పలకలు బిగించే) కార్పెంటరు. పలకలకు కాలిన ఇంజను నూనె పూస్తారట. తొడల మీద, ముంజేతుల మీద నల్లని మొనలతో మొటిమల లాంటివి నిండిపోయాయని వీడియో కాల్‌లో చూపించాడు. పైగా ఆ ఎండ. నాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక భార్య

జవాబు: నిద్రపోండి అమ్మా, ఆ మొటిమలు కేన్సరు కావు. నూనె పడ్డ చోట వెంట్రుకల కుదుళ్ళు మూసుకుపోయి వస్తాయి. నూనె తగలడం ఆపితే కొన్ని వారాల్లో తగ్గుతాయి. లేత్ మిషన్ల మీద పనిచేసే కుర్రాళ్ళకు సరిగ్గా ఇవే వస్తాయి. అయితే నూనె చర్మం దాకా చేరుతోందన్నది వాటితో రుజువైంది. కాలిన నూనె బదులు ఆ పని కోసమే తయారుచేసిన షట్టరింగ్ ఆయిల్ అమ్ముతారు. ఫోర్‌మన్‌ను అడగమనండి. కాంక్రీటుకు మరక పడుతుందని ఇంజనీర్లకు కూడా కాలిన నూనె ఇష్టం ఉండదు, ఆ వైపు నుంచి చెబితే త్వరగా వింటారు. కుంచెకు పొడుగు పిడి ఉండాలి, తడిసిన ప్యాంటు మధ్యాహ్నమే మార్చుకోవాలి.

ఎండ గురించి: మన చర్మపు నలుపు ఈ విషయంలో పెద్ద రక్ష. మన దేశంలో మొత్తం కేన్సర్లలో చర్మ కేన్సర్ల వాటా ఒక శాతం దగ్గరే ఉంటుంది. ఎండ వల్ల ఆయనకు ముందు వచ్చేది వడదెబ్బ. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు చివరి దాకా పగలు పదకొండు నుంచి నాలుగు వరకు బయట పని చేయించకూడదన్న నియమం ఉంది. అది పాటిస్తున్నారో లేదో అడగండి.

ఆయన పాత కాంట్రాక్టు కాగితాలు, పని పేరు ఉన్న కార్డుల ఫొటోలు మీ ఫోనులో దాచండి. నూనె తెచ్చే చర్మ కేన్సరు ఇరవై, ముప్పై ఏళ్ళకు గాని బయటపడదు. అప్పటికి ఆయన జగిత్యాలలోనే ఉంటారు, అక్కడి డాక్టరుకు కువైట్ పని సంగతి ఎవరూ చెప్పరు. ఇంకొక మాట, చెప్పడానికి మీరు సిగ్గుపడవచ్చు గాని ఆయన భార్య మీరే. నెలకోసారి స్నానం చేసేటప్పుడు తొడల మధ్య, గజ్జల్లో, వృషణాల సంచి మీద అద్దం పెట్టుకుని చూసుకోమనండి. అక్కడ నెల దాటినా మానని కురుపు గాని గట్టిపడిన పులిపిరి గాని కనిపిస్తే సెలవు దాకా ఆగకుండా అక్కడి ఆసుపత్రిలోనే చూపించుకోవాలి. గదిలో స్నేహితుడి దగ్గరున్న పూతమందు రాసుకోవద్దని కూడా చెప్పండి.